వారెంట్ ఆఫీసర్ నోవోసెల్ కోసం అలబామా దాకా

అలబామా సరిహద్దు దాటగానే ఫోన్‌లో టైము గంట వెనక్కి జరిగింది. పక్క సీట్లో మామయ్య చేతి గడియారం మాత్రం అట్లాంటా టైమే చూపిస్తోంది. మార్చుకోమంటే వినలేదు. "రాత్రికి మళ్లీ ఇంటికేగా వెళ్లేది, ఎందుకు తిప్పడం?" అన్నాడు. ముప్పై ఏళ్లకు పైగా ఎయిర్ ఫోర్స్‌లో హెలికాప్టర్ల మెయింటెనెన్స్ చేసి, వారెంట్ ఆఫీసర్‌గా రిటైరైన మనిషి. అందులో ఎక్కువ కాలం హకీంపేటలో, చేతక్‌ల దగ్గర గడిచింది. ఆ చేతులకు ఇప్పుడు చేసే పనేమీ లేదు కాబట్టి, మా కారు బానెట్ రోజూ ఒకసారి ఎత్తి చూస్తుంటాడు.

ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే నయాగరాకో డిస్నీకో తీసుకెళ్లడం మా ఇళ్లల్లో ఆనవాయితీ. ఈయన మాత్రం వచ్చిన కొత్తలోనే, "ఫోర్ట్ రక్కర్ ఇక్కడికి ఎంత దూరం రా?" అని అడిగాడు. ఆ పేరు నేను వినలేదు. అమెరికా ఆర్మీ హెలికాప్టర్ పైలట్లు శిక్షణ పొందేది అక్కడేనని, 1954లో ఆర్మీ ఏవియేషన్ స్కూలు ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్ నుంచి అక్కడికి మారిందని ఆయనే చెప్పాడు. అసలు కారణం వేరే ఉంది. మైఖేల్ నోవోసెల్ అనే పైలట్ తన సర్వీసు చివరి ఏళ్లు అక్కడ పనిచేశాడు. హకీంపేట హ్యాంగర్లో ఎవరో ఆఫీసరు వదిలేసి వెళ్లిన పాత పత్రికలో ఆయన గురించి చదివాడట మామయ్య. అప్పటినుంచీ ఆ పేరు మనసులో ఉండిపోయింది.

ఐ-85 మీద టస్కీగీ బోర్డు కనిపించింది. రెండో ప్రపంచ యుద్ధంలో నల్లజాతి పైలట్లు శిక్షణ పొందిన ఊరు అది. అక్కడి ఇన్‌స్ట్రక్టర్ ఛార్లెస్ ఆండర్సన్‌ని అందరూ 'చీఫ్' అనేవారు. 1941లో అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్‌ని విమానంలో కూర్చోబెట్టుకుని తిప్పింది ఆయనే. ఆగుదామా అంటే, "మనం వచ్చింది హెలికాప్టర్ల కోసం" అన్నాడు మామయ్య. మాంట్‌గోమరీ దగ్గర దక్షిణానికి తిరిగి 231 నంబరు రోడ్డెక్కాం. ట్రాయ్ దాటాక దారంతా పైన్ చెట్లు, ఎర్ర నేల, అక్కడక్కడా వేరుశనగ పొలాలు. ఓజార్క్ దగ్గరికి వచ్చేసరికి తల మీద హెలికాప్టర్లు మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి, ఒకే ఎత్తులో. ట్రైనీలే అయ్యుంటారు. మామయ్య అద్దం దించి, చెవి బయటపెట్టి, "రెండు ఇంజిన్లు" అన్నాడు. అవి లకోటాలు. ఇప్పుడు అక్కడ నేర్పేది వాటి మీదే.

గేటు దగ్గర ఒక కథ ఉంది. ఈ స్థావరానికి మొదట్లో రక్కర్ అన్న పేరు పెట్టింది అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడిన ఒక కల్నల్ మీద. 2023 ఏప్రిల్ 10న ఆ పేరు తీసేసి ఫోర్ట్ నోవోసెల్ అన్నారు. 2025లో మళ్లీ ఫోర్ట్ రక్కర్ చేశారు. ఈసారి మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపిన మరో రక్కర్ గౌరవార్థమట. ఇంటిపేరు ఒకటే, మనిషి వేరు. రాజకీయం ఎలాగైనా లెక్క సరిచేసుకుంటుంది. నాకు మాత్రం చిరాకేసింది. నోవోసెల్ పేరున్న బోర్డు కింద మామయ్యకి ఫొటో తీయాలని నేను అనుకున్నాను. ఆయనకి ఆ బెంగేమీ లేదు. విజిటర్ సెంటర్‌లో నా పాస్‌పోర్టు, ఆయన గ్రీన్ కార్డు తీసుకుని చూసుకున్నారు. పాస్ చేతికి వచ్చేదాకా ఆయన అటెన్షన్‌లోనే నిలబడ్డాడు. అలవాటు పోలేదు.

ఆర్మీ ఏవియేషన్ మ్యూజియం లోపలే ఉంది. టికెట్ లేదు. సికోర్‌స్కీ తొలినాటి ఆర్-4 నుంచి, ఉత్పత్తి దాకా రాకుండానే ఆగిపోయిన షయాన్, కొమాంచీ దాకా అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. నేను బోర్డులు చదువుతూ నడుస్తున్నాను. మామయ్య బోర్డుల వంక చూడలేదు. ప్రతి హెలికాప్టర్ దగ్గరా ముందు రోటర్ తలకాయ, తర్వాత తోక, తర్వాత నేల మీద ఆయిల్ మరక ఉందా అని చూపు. వియత్నాం యుద్ధం నాటి హ్యూయీ హెలికాప్టర్ దగ్గరికి రాగానే ఆగిపోయాడు. "చేతక్‌కి మూడు రెక్కలు. దీనికి రెండే. పైన ఆ అడ్డకడ్డీ చూశావా? అది స్టెబిలైజర్ బార్. రెండు రెక్కల దాన్ని బరువు తేలిపోయేలా ముందుకి దూకించకూడదు. అలా చేస్తే రోటర్ తల మాస్ట్‌ని, అంటే రెక్కల్ని తిప్పే నిలువు ఇరుసుని, కొట్టేస్తుంది. ఇన్‌స్ట్రక్టర్లు ఇది పిల్లల బుర్రలోకి ఎక్కేదాకా చెప్తూనే ఉంటారు" అన్నాడు.

అక్కడే ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. మ్యూజియంలో వాలంటీరు. వియత్నాంలో హ్యూయీ నడిపాడట. మామయ్య ఇంగ్లీషు ఆయనకి, ఆయన అలబామా ఇంగ్లీషు మామయ్యకి సగమే అర్థమవుతోంది. అయినా ఇద్దరూ చేతులతో ఎగరేసి దింపుతూ గంట మాట్లాడుకున్నారు. ఆయన చెప్పినవాటిలో హోవర్ నేర్పే పద్ధతి నాకు బాగా నచ్చింది. హెలికాప్టర్‌ని గాల్లో ఒకేచోట నిలపడమే మొదటి గండం. ఎడమ చేతిలో కలెక్టివ్, అది పైకీ కిందికీ. కుడి చేతిలో సైక్లిక్, అది ముందుకీ వెనక్కీ పక్కలకీ. కాళ్ల కింద పెడల్స్, ముక్కు తిప్పడానికి. ఏ ఒక్కటి కదిపినా మిగతా రెండూ సరిచేసుకోవాలి. అందుకని ఇన్‌స్ట్రక్టర్ మొదట పెడల్స్ ఒక్కటే ఇస్తాడు, మిగతావి తన దగ్గర పెట్టుకుంటాడు. తర్వాత కలెక్టివ్ ఒక్కటే, తర్వాత సైక్లిక్ ఒక్కటే. చివరికి మూడూ ఇస్తాడు. అంతే, ఫుట్‌బాల్ మైదానమంత స్థలం కూడా చాలదు. చిన్నప్పుడు అరచేతిలో కర్ర నిలబెట్టి ఆడేవాళ్లం చూడండి, అది పడబోయే వైపు మనం పరిగెత్తేవాళ్లం, ట్రైనీ అలా వెంటపడతాడు. ఇన్‌స్ట్రక్టర్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. కానీ అవి కంట్రోల్స్‌కి ఎంత దగ్గర్లో ఉన్నాయో ఆయనకే తెలుసు.

ఆటోరొటేషన్ ఇంకా టెన్షన్. ఇంజిన్ ఆగితే హెలికాప్టర్ నేరుగా కూలిపోతుందని చాలామంది అనుకుంటారు. కలెక్టివ్ వెంటనే పూర్తిగా దించేస్తే, కిందికి జారుతున్నప్పుడు అడుగు నుంచి వచ్చే గాలే రెక్కల్ని తిప్పుతూ ఉంటుంది. నేల దగ్గర ముక్కెత్తి వేగం చంపి, రెక్కల్లో మిగిలిన ఆ తిరుగుడంతా ఒక్క కలెక్టివ్ లాగుడులో వాడేసి దిగాలి. రెండో అవకాశం ఉండదు. ఇన్‌స్ట్రక్టర్ చెప్పకుండా థ్రాటిల్ కట్ చేసి, ఏం చేస్తావో చూస్తాడు. "మంచి ఇన్‌స్ట్రక్టర్ అరవడు" అన్నాడు పెద్దాయన. మామయ్య వెంటనే తలూపాడు. తర్వాత నాతో తెలుగులో, "అరిచేవాళ్లే ఎక్కువ మంది, మా దగ్గరా అంతే" అన్నాడు.

నోవోసెల్ కథ నేను విన్నది ఇద్దరి నోటా, ముక్కలు ముక్కలుగా. పెన్సిల్వేనియాలోని ఎట్నాలో 1922లో పుట్టాడు. అమ్మానాన్నలు క్రొయేషియా నుంచి వలస వచ్చినవాళ్లు. పొట్టి మనిషి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి బి-29 బాంబర్ కెప్టెన్. 1945 సెప్టెంబరు 2న జపాన్ లొంగుబాటు పత్రం మీద సంతకాలు జరుగుతుంటే, మిస్సోరీ నౌక మీదుగా ఎగిరిన విమానాల్లో ఆయనదీ ఉంది. తర్వాత ఎయిర్ ఫోర్స్ రిజర్వులో లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు. మరోవైపు సదరన్ ఎయిర్‌వేస్‌లో పైలట్ ఉద్యోగం. నలభై దాటాక మళ్లీ సైన్యంలోకి వస్తానన్నాడు. ఎయిర్ ఫోర్స్‌లో ఆ హోదాలో ఖాళీల్లేవు. 1964లో ఆ హోదా వదిలేసి, ఆర్మీలో వారెంట్ ఆఫీసర్‌గా చేరి హెలికాప్టర్ ఎక్కాడు.

మామయ్య ఇన్నేళ్లూ మోసుకు తిరిగింది ఈ ముక్కే. మన ఎయిర్ ఫోర్స్‌లో వారెంట్ ఆఫీసర్ అంటే ఎయిర్‌మన్‌గా చేరి మెట్టు మెట్టుగా ఎదిగినవాడు. విమానం బాగుచేస్తాడు గానీ నడపడు. అమెరికా ఆర్మీలో హెలికాప్టర్ పైలట్లలో ఎక్కువమంది వారెంట్ ఆఫీసర్లే. ఎగరడమే వాళ్ల పని. ఎదిగే కొద్దీ బల్ల వెనక్కి వెళ్లాల్సిన అవసరం లేదు. "లెఫ్టినెంట్ కల్నల్ అయ్యుండి నా ర్యాంకుకి దిగొచ్చాడురా, కాక్‌పిట్ కోసం" అన్నాడు మామయ్య. రెండూ ఒకే ర్యాంకు కాదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. నేనేమీ అనలేదు.

వియత్నాంలో నోవోసెల్ పని డస్టాఫ్, అంటే గాయపడినవాళ్లని మోసుకురావడం. ఆ పనికి దారి వేసింది మేజర్ ఛార్లెస్ కెల్లీ. కాల్పుల మధ్యలోంచి వెళ్లిపొమ్మని కిందనుంచి అంటే, మీ క్షతగాత్రులు ఎక్కాకే వెళ్తానని జవాబిచ్చి, 1964 జులై 1న అక్కడే చనిపోయాడు. మొదటి విడత అయ్యాక నోవోసెల్‌కి గ్లకోమా అనే కంటి జబ్బు బయటపడింది. ఎయిర్‌లైన్ ఉద్యోగం దారి మూసుకుపోయింది. ఆర్మీ మాత్రం మినహాయింపు ఇచ్చి ఎగరనిచ్చింది. రెండు విడతల్లో 2,543 మిషన్లు, 5,589 మంది క్షతగాత్రులు. ఈ అంకె పెద్దాయన రెండుసార్లు చెప్పాడు.

1969 అక్టోబరు 2న ఆయన వయసు 47. కంబోడియా సరిహద్దు దగ్గర కియెన్ తువాంగ్‌లో దక్షిణ వియత్నాం సైనికులు శత్రువు బంకర్ల మధ్య ఇరుక్కుపోయారు. తోడుగా కాల్పులు జరిపే హెలికాప్టర్లు లేవు. కిందవాళ్లతో రేడియో సంబంధం లేదు. గడ్డి మీద తక్కువ ఎత్తులో గుండ్రంగా తిరుగుతూ, దాక్కున్నవాళ్లు లేచి వచ్చేలా చేశాడు. కాల్పులకు ఆరుసార్లు బయటికి రావాల్సి వచ్చింది. ప్రతిసారీ ఇంకో వైపునుంచి మళ్లీ దూరాడు. పదిహేనుసార్లు దిగి 29 మందిని తెచ్చాడు. చివరి మనిషి ఒక బంకర్ ముందే పడి ఉన్నాడు. నోవోసెల్ హెలికాప్టర్‌ని వెనక్కి నడిపించాడు, తోకా ఇంజినూ తన మనుషులకి అడ్డుగా ఉండేలా. ఆ సైనికుణ్ణి లోపలికి లాగుతుండగా తూటాలు నేరుగా కాక్‌పిట్‌లోకి వచ్చాయి. కాలికి, చేతికి తగిలాయి. క్షణం పాటు హెలికాప్టర్ అదుపు తప్పింది. మళ్లీ పట్టుకుని బయటపడ్డాడు. 1971 జూన్ 15న వైట్‌హౌస్‌లో నిక్సన్ మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చాడు. మన పరమవీర చక్ర లాంటిది.

నేను ఆ వెనక్కి హోవర్ చేయడం దగ్గరే ఆగిపోయాను. మామయ్య అడిగింది వేరు: "లోపలికి లాగిందెవరు?" పెద్దాయనకి కంఠతా వచ్చు. కోపైలట్ టైరోన్ ఛాంబర్లేన్, క్రూ చీఫ్ జోసెఫ్ హోర్వాత్, మెడిక్ హెర్బర్ట్ హైనోల్డ్. మామయ్య జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, స్పెల్లింగ్ అడిగి మరీ రాసుకున్నాడు. క్రూ చీఫ్ అంటే ఆ హెలికాప్టర్‌ని రాత్రి బాగుచేసి, పొద్దున అందులోనే ఎక్కి తలుపు దగ్గర కూర్చునేవాడు.

కొడుకు సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. కొడుకు పేరూ మైఖేలే. తండ్రి యూనిట్‌లోకే డస్టాఫ్ పైలట్‌గా వచ్చాడు. 1970లో కొడుకు హెలికాప్టర్ కూలితే తండ్రి వెళ్లి ఎక్కించుకొచ్చాడు. వారం తిరక్కుండా తండ్రి హెలికాప్టర్ కూలింది, కొడుకు వెళ్లాడు. సినిమాలో పెడితే నమ్మం.

యుద్ధం తర్వాత తండ్రి నోవోసెల్ ఆర్మీ పారాచూట్ జట్టు గోల్డెన్ నైట్స్‌ని ఎక్కించుకుని తిప్పాడు. ఆ తర్వాత ఇక్కడికి వచ్చి, వారెంట్ ఆఫీసర్లు కాబోయే కుర్రాళ్లని తయారుచేసే విభాగంలో పనిచేశాడు. 1985లో రిటైరయ్యేనాటికి, రెండో ప్రపంచ యుద్ధంలో ఎగిరి ఇంకా ఎగిరే డ్యూటీలో మిగిలిన చివరి అమెరికన్ సైనిక పైలట్ ఆయనే. గాల్లో గడిపింది 12,400 గంటలు. అంతటి మనిషి బూట్ల పాలిష్ తనిఖీ చేస్తుంటే ఆ కుర్రాళ్లకి ఎలా ఉండేదో! మెడల్ ఆఫ్ ఆనర్ ఉన్నవాడు రోజూ కళ్లముందు తిరుగుతుంటే ఇంకో పాఠం అక్కర్లేదని నాకనిపించింది. మామయ్య ఒప్పుకోలేదు. పతకం చూసి ఎవడూ హోవర్ నేర్చుకోడట. నోవోసెల్ 2006 ఏప్రిల్ 2న చనిపోయాడు, సమాధి ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఉంది.

మ్యూజియం మూసేవేళకి బయటపడి ఎంటర్‌ప్రైజ్ ఊళ్లోకి వెళ్లాం. అక్కడ నడిరోడ్డు మీద ఒక విగ్రహం, ఒకావిడ రెండు చేతులూ ఎత్తి నెత్తి మీద పురుగుని పట్టుకుని ఉంటుంది. పత్తిని తినేసిన ముక్కుపురుగు అది. దాని దెబ్బకి రైతులు పత్తి వదిలి వేరుశనగకి మారి బాగుపడ్డారని, 1919లో ఆ పురుగుకే కృతజ్ఞతగా పెట్టారు. మొదట్లో పురుగు లేదు, ముప్పై ఏళ్ల తర్వాత చేర్చారు. పక్కనే ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కొనుక్కున్నాం. ఉప్పు ఎక్కువైంది.

భోజనం చేసి బయల్దేరేసరికి ఏడు. హైదరాబాద్‌లో తెల్లవారుజాము ఐదున్నర. "వాడు లేచే ఉంటాడు" అని సైనిక్‌పురిలో ఉన్న తన పాత స్నేహితుడికి ఫోన్ కలిపాడు మామయ్య. ఇద్దరూ ఒకే హ్యాంగర్లో పనిచేశారు. నోట్‌బుక్ తీసి ఛాంబర్లేన్, హోర్వాత్, హైనోల్డ్ పేర్లు చదివి వినిపించాడు. తర్వాత, "ఉప్పెనప్పుడు, డెబ్భై ఏడులో, దివిసీమ మీద పొట్లాలు వేయడానికి వెళ్లిన మనవాళ్లెవరెవరు, చెప్పు" అన్నాడు. పైలట్ల పేర్లు ఇద్దరికీ వెంటనే వచ్చేశాయి. తలుపు దగ్గర కూర్చుని పొట్లాలు తోసిన వాళ్లలో ఒకడు ఎవరన్న దగ్గరే గొడవ. ఈయన ఒడిశా కుర్రాడంటాడు, ఆయన కాదు మన తెనాలివాడంటాడు. స్పీకర్ ఫోన్‌లో అరుపులు. ట్రాయ్ దాటినా తేలలేదు. చివరికి మధురైలో ఉన్న మూడో ఆయన్ని కూడా కాల్‌లోకి లాగారు. ఆయన మూడో పేరు చెప్పాడు.