వీరన్నకి ఇల్లు లేదు

ఆదివారం

కాలవలు కట్టేశారు. దాళ్వా కోతలైపోయాయి, సార్వా నారుమళ్ళకి ఇంకా టైముంది. ఊళ్ళో పనేం లేదనుకుంటాం గానీ, పొద్దున్నే బాబాయి పెరట్లో గునపం నాటుకుని కొబ్బరికాయలు ఒలవడం మొదలెట్టాడు. నేను అరుగు మీద కూర్చుని లేని డబ్బుకి లెక్కలేస్తున్నాను.

అమలాపురంలో మేం నలుగురం వారం వారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. తలో పాత్రై, మాటలతో పాచికలతో కథ నడిపే ఆట అది; నా పాత్ర పేరు వీరన్న. ఆ కథలో పోయిన వారం గుహలోంచి బయటపడ్డాం. ఆట నడిపే మావాడు, "రెండు నెలలు ఏ సాహసమూ లేదు. నీ వీరన్న ఏం చేస్తాడో రాత్రికి చెప్పు" అన్నాడు.

"పడుకుంటాడు."

"పడుకున్నా తిండి ఖర్చుంటుందిరా. సాదాసీదాగా బతికినా రోజుకో బంగారు నాణెం."

అరవై రోజులకి 60. నా వాటాకి వచ్చింది 130. పోనీ ఒళ్ళంతా కప్పే ఇనప ప్లేటు కవచం చేద్దామా అంటే, ఈ ఆట 2014 రూల్స్‌లో రోజుకి 5 నాణేల విలువ పనే అవుతుంది. దాని ఖరీదు 1500, అంటే ఒక్కడే కూర్చుంటే 300 రోజులు! ఇనుముకీ వాటికీ 750 ముందే పెట్టాలి. వదిలేశాను. కొత్త పనో భాషో నేర్చుకోవడానికి 250 రోజులు, రోజుకో నాణెం. 2017 పుస్తకంలో దాన్ని పది వారాలకి తగ్గించారు గానీ మావాడు ఒప్పుకోడు.

1985లో గ్రెగ్ స్టాఫర్డ్ చేసిన పెండ్రాగన్ అనే ఇలాంటిదే ఇంకో ఆటలో అయితే మామూలుగా ఏడాదికో సాహసం, తర్వాత చలికాలం. గుర్రం బతికిందా, బిడ్డ పుట్టిందా, అన్నీ పాచికలేసి చూసుకోవాలి. అది రాసినాయన మా వైపు పుట్టాల్సింది.

మధ్యాహ్నం బాబాయి అడిగాడు, "ఏంట్రా ఆ లెక్కలు?" చెప్పాను. ఒలవడం ఆపకుండానే అంతా విన్నాడు.

"వానలొచ్చేలోగా ఇంటి కప్పు చూసుకోడా?"

"ఇల్లు లేదు బాబాయ్."

"మరి ఇన్నాళ్ళూ ఎక్కడ పడుకున్నాడ్రా?"

సత్రాల్లో. ఏడాదిగా ఆడుతున్నాను. వీరన్న కత్తి బరువెంతో తెలుసు గానీ వాడిది ఏ ఊరో నాకే తెలీదు. కాస్త సిగ్గేసింది.

రాత్రి చెప్పాను, కొండ కింద ఊళ్ళో వడ్రంగి దగ్గర పని నేర్చుకుంటున్నాడని. తిండికి 60, నేర్పినాయనకి 60. చేతిలో పది మిగిలాయి.

"ఇంకా 190 రోజులు మిగిలాయిరా, రాసుకో" అన్నాడు మావాడు. వచ్చే వారం మళ్ళీ గుహేనట.