మెట్నర్ మొదటి పేజీ

పియానో పెడల్ నిండా తొక్కగానే లోపలి స్వరాలన్నీ ముద్దయిపోయాయి. రష్యన్ స్వరకర్త నికొలాయ్ మెట్నర్ 'సొనాటా రెమినిసెంజా' సాధన, ఈ పొద్దున. సగమే తొక్కి, బాస్ (అడుగు స్వరం) మారిన ప్రతిసారీ ఎత్తితే అప్పుడు విడివిడిగా పలికాయి.

మెట్నర్‌లో చిక్కంతా పై రాగంలో కాదు, మధ్యలో నడిచే స్వరాల్లో. వాటిని విడిగా, సగం వేగంలో సాధన చేయాలి. ఒకే వ్యవధిలో ఒక చేతిలో మూడు స్వరాలు, ఇంకో చేతిలో రెండు పడేచోట, ఆ రెండింట్లో రెండోది సరిగ్గా మూడింట్లో రెండోదానికీ మూడోదానికీ నడుమ పడాలి. తొందరపడితే అతుక్కుపోతాయి.

మొదట్లోని రాగం, ఈ సొనాటాతో మొదలయ్యే ఓపస్ 38 అనే సంపుటి చివర, ఎనిమిదో ముక్కలో మళ్లీ వస్తుంది. ఎంత అందంగా వస్తుందో!

అన్నట్టు, 1940ల చివర లండన్‌లో మెట్నర్ స్వయంగా వాయించిన రికార్డులకి డబ్బు పెట్టింది మైసూరు మహారాజు జయచామరాజ వడయార్. మెట్నర్ మూడో పియానో కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) ఆ మహారాజుకే అంకితం.