నెఫ్రోటిక్ సిండ్రోమ్: మా బాబు కిడ్నీ ఫిల్టర్ గురించి నాకు అర్థమైనంత (నా అనుభవం)

నెఫ్రోటిక్ సిండ్రోమ్, అంటే కిడ్నీ ఫిల్టర్ ఆపలేక ప్రోటీన్ యూరిన్‌లోకి పోయే జబ్బు, మా బాబుకి వచ్చింది అనగానే ఇంట్లో అందరి నోటా ఒకటే మాట, కిడ్నీలు పోయాయా అని. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్ట్ చూస్తే నార్మల్, కానీ యూరిన్‌లో ప్రోటీన్ 4+, బ్లడ్‌లో అల్బుమిన్ అనే ప్రోటీన్ 2 కన్నా తక్కువ, కొలెస్ట్రాల్ ఏమో పెద్దవాళ్ళకి కూడా అరుదుగా వచ్చేంత. ఇంత చిన్న పిల్లాడికి కొలెస్ట్రాల్ ఏంటి సార్ అని డాక్టర్‌ని అడిగితే, అల్బుమిన్ పోతుంటే ఆ లోటు పూడ్చడానికి లివర్ తెగ కష్టపడుతుందమ్మా, ఆ ఊపులో కొవ్వుని మోసే ప్రోటీన్లు కూడా ఎక్కువ తయారుచేసేస్తుంది, మీరు పెట్టిన తిండి వల్ల కాదు అన్నారు.

అంతకుముందు కొన్నాళ్ళుగా పొద్దున లేచేసరికి కళ్ళు ఉబ్బి ఉండేవి, సాయంత్రానికి మొహం తేలికపడి వాపు కాళ్ళకి దిగేది, మొదట చూపించిన చోట ఎలర్జీ అని మందిచ్చి పంపేశారు. సాక్సు విప్పాక దాని ఎలాస్టిక్ గీత గుంటలా అలాగే ఉండిపోవడం, యూరిన్‌లో నురగ ఎంతకీ పోకపోవడం చూశాక పిల్లల కిడ్నీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం.

ఆయన ప్రిస్క్రిప్షన్ వెనకవైపు బొమ్మ గీసి చెప్పారు. నాకు నిజంగా పనికొచ్చింది ఆ బొమ్మే. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల గ్లోమెరులస్‌లు ఉంటాయి, సన్నటి రక్తనాళాల ఉండలన్నమాట, ఆ నాళం గోడే ఫిల్టరు, దానికి మూడు పొరలు. లోపలి పొర కణాల్లో కన్నాలుంటాయి, రక్తకణాలు దాటలేవు కానీ అల్బుమిన్‌ని ఆపలేనంత పెద్దవి అవి. మధ్యలో కొల్లాజెన్, లామినిన్ అనే ప్రోటీన్లతో అల్లుకున్న బేస్‌మెంట్ మెంబ్రేన్. బయట పోడోసైట్లు అనే కణాలు, వీటికి పాదాల్లాంటివి ఉండి పక్క కణం పాదాల మధ్యలోకి దూరి ఉంటాయి, రెండు చేతుల వేళ్ళూ ఒకదాన్లో ఒకటి జొనిపితే ఎలా ఉంటుందో అలా. ఆ వేళ్ళ సందుల్లో పల్చటి తెర ఉంటుంది, దాన్ని కట్టే ముఖ్యమైన ప్రోటీన్ పేరు నెఫ్రిన్. దీని జీన్‌ని 1998లో కనుక్కున్నారు, అదీ ఫిన్లాండ్‌లో పుట్టుకతోనే ఈ జబ్బు వచ్చే పిల్లల్ని స్టడీ చేస్తే దొరికింది. 2000లో పోడోసిన్ అనే ఇంకో ప్రోటీన్ జీన్ దొరికింది.

మా బాబు వయసు పిల్లల్లో ఎక్కువగా వచ్చేది మినిమల్ చేంజ్ అనే రకం. మామూలు మైక్రోస్కోప్‌లో చూస్తే కిడ్నీ శుభ్రంగా కనిపిస్తుంది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తేనే తెలుస్తుంది ఆ పాదాలన్నీ అణిగి చదునైపోయాయని. ఫిల్టర్ చిరిగిపోయింది అని చుట్టాలు చెప్పుకునేవాళ్ళు కానీ అది చిరగడం కాదు, మందు పనిచేస్తే ఆ పాదాలు మళ్ళీ మునుపటి ఆకారానికి వస్తాయి, ఈ ఒక్క ముక్క తెలిశాకే నాకు రాత్రి నిద్రపట్టింది. ఎందుకు అణుగుతాయంటే మన ఇమ్యూనిటీలోనే తేడా అంటారు, కొంతమంది పిల్లల రక్తంలో నెఫ్రిన్ మీదే దాడిచేసే యాంటీబాడీలు ఉన్నాయని ఈ మధ్య పరిశోధనల్లో తేలింది. అందుకే ఇమ్యూనిటీని అణిచే స్టెరాయిడ్. ఈ వయసులో 10 మందిలో 8 మందికి పైగా దానికి లొంగుతారు కాబట్టి ముందే బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) అక్కర్లేదు, మందుకి లొంగకపోతే అప్పుడు చూద్దాం అన్నారు.

ప్రెడ్నిసొలోన్ అనే ఆ స్టెరాయిడ్ రోజూ బరువులో కిలోకి 2 మిల్లీగ్రాముల లెక్కన, 60కి మించకుండా, 6 వారాలు, ఆ తర్వాత డోస్ తగ్గించి రోజు విడిచి రోజు. ఇది చదివి ఎవరూ సొంతంగా వేసేయకండి, ఆపేయకండి కూడా. ఆ మందు మీద పిల్లాడు పిల్లాడులా ఉండడు, ఎంత తిన్నా ఆకలే, చిన్నదానికీ ఏడుపు, మొహం గుండ్రంగా అయిపోయింది, బీపీ చూస్తూ ఉండాలి. ఉప్పు బాగా తగ్గించమన్నారు ఎందుకంటే ఈ టైమ్‌లో కిడ్నీ ఉప్పుని వదలకుండా పట్టుకుంటుంది, వాపుకి అదీ ఒక కారణం. ప్రోటీన్ పోతోంది కదా ఇంకా ఎక్కువ పెట్టాలి అని సలహాలిచ్చినవాళ్ళు చాలామంది, డాక్టర్ మాత్రం వయసుకి తగ్గట్టు మామూలుగా పెడితే చాలు అన్నారు.

రోజూ పొద్దున మొదటి యూరిన్‌లో ప్రోటీన్ చూసే టెస్ట్ స్టిక్ ముంచి, 60 సెకన్లు ఆగి, డబ్బా మీద రంగులతో పోల్చి నోట్‌బుక్‌లో రాయడం నా పని. పసుపు ఉంటే నెగెటివ్, ఆకుపచ్చ ముదిరేకొద్దీ ప్రోటీన్ ఎక్కువ. మొదట్లో అన్నీ ముదురు ఆకుపచ్చే, తర్వాత 2+, 1+, ఒక రోజు పసుపే. నేను ఎగిరి గంతేస్తే మా ఆయన ఆగు అన్నాడు, వరసగా మూడు రోజులు నెగెటివ్ గానీ ట్రేస్ (లేశమాత్రం) గానీ వస్తేనే రెమిషన్, అంటే జబ్బు అణిగినట్టు అట. వచ్చింది.

తర్వాత ఒకసారి జలుబు చేసి మళ్ళీ 3+ కొట్టింది, మూడు రోజులూ తగ్గలేదు, అంటే రిలాప్స్, జబ్బు తిరగబెట్టడం, మళ్ళీ ఫుల్ డోస్. చాలామంది పిల్లలకి రిలాప్స్ వస్తుంది, స్టెరాయిడ్‌కి మళ్ళీ లొంగితే భయపడక్కర్లేదు అన్నారు. న్యుమోకోకల్ టీకా వేయించాం, యూరిన్‌లో యాంటీబాడీలు కూడా పోతాయి కాబట్టి ఇన్ఫెక్షన్లు త్వరగా పడతాయి. లైవ్ టీకాలు (బలహీనం చేసిన బతికున్న క్రిములతో చేసేవి) మాత్రం ఎక్కువ డోస్ స్టెరాయిడ్ మీద ఉన్నంతకాలం వద్దన్నారు. ఇప్పుడు రోజు విడిచి రోజు చిన్న డోస్ మీద ఉన్నాడు. 6 నెలల్లో 2 సార్లు రిలాప్స్ అయితే లెవమిసోల్ లాంటి వేరే మందులు ఆలోచిద్దాం అని చెప్పి పంపారు.