పొయ్యి ఎక్కని పులుసు

ఈ రోజు ఎక్కువసేపు పొయ్యి దగ్గర నిలబడడానికి మనసొప్పలేదు. చైత్రం పూర్తి కాకముందే సిరోంచ వీధులు పదిన్నరకల్లా ఖాళీ అవుతున్నాయి. అందుకే అన్నం, ముద్దపప్పు వండి దించేసి, ఆదరువుగా పచ్చిపులుసు కలిపాను. ప్రాణహిత గోదావరిలో కలిసే ఈ చోట, నదికి అటు తెలంగాణలోనైనా, ఇటు మహారాష్ట్రలోని మా గడ్చిరోలి జిల్లా తెలుగు ఇళ్లలోనైనా, ఎండకాలపు మధ్యాహ్నానికి ఇంతకంటే తగిన వంటకం లేదని నా అభిప్రాయం. చారైనా దీని తర్వాతే.

చింతపండు విషయంలో అత్తమ్మది పట్టుదల. ఫాల్గుణంలో సంతలో కొన్న కొత్త పండును గింజ తీసి, ఈనెలు లాగి, ఉప్పు కలిపి జాడీకెత్తారు. నిరుటి నల్లబడిన పండు వేరే డబ్బాలో ఉంది. పప్పుచారుకు పాతది, పచ్చిపులుసుకు కొత్తది అన్నది ఆమె నియమం, అందులో అర్థం లేకపోలేదు. మామిడికాయ ముగ్గితే పులుపు విరిగిపోతుంది కానీ, చింతకాయ పండినా అందులోని టార్టారిక్ ఆమ్లం అలాగే నిలిచి ఉండి, దానికి తోడు చక్కెర పెరుగుతుంది. మరిగించని పులుసులో ఆ తీపి నాలుకకు తెలుస్తుంది కాబట్టి, కొత్త పండు వేసిన రోజున బెల్లం జోలికి పోనక్కరలేదు.

నలుగురికి నిమ్మకాయంత పండు సరిపోతుంది. దానిని కడిగి, గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, వేళ్లతో మెదిపి చిక్కని రసం తీశాను. పిప్పిలో మళ్లీ కాసిని నీళ్లు పోసి రెండవసారి పిండి, రెండింటినీ కలిపి వడకట్టాను. అంతకు మించి పిండకూడదు. పీచు నలిగినా, ఎక్కడైనా మిగిలిన గింజ ఎర్రపొట్టులోని టానిన్లు దిగినా, పులుసు వగరెక్కుతుంది. గిన్నె స్టీలుదో మట్టిదో కావాలి. కళాయి లేని ఇత్తడిలో పోస్తే కిలుమెక్కుతుంది, అల్యూమినియాన్ని పులుపు తినేస్తుంది. పిప్పిని మాత్రం పారేయలేదు. దేవుడి దగ్గరి రాగి చెంబును దానితో రుద్దితే నలుపంతా వదిలి నిగనిగలాడింది.

అసలు పని ఉల్లిపాయ దగ్గర ఉంది. సన్నగా తరిగిన ఉల్లిపాయలు, మంట మీద కాల్చిన రెండు పచ్చిమిరపకాయలు, రాళ్ల ఉప్పు, కొత్తిమీర ఒకే గిన్నెలో వేసి పిడికిటితో నలిపాను. మొదట కరకరలాడిన ఉల్లి, ఉప్పు తగిలిన కాసేపటికి మెత్తబడి నీరు వదిలింది. గిన్నె అడుగున ఆ ఘాటైన నీరు చేరాక చింతపండు రసం, మూడు గ్లాసుల నీళ్లు పోశాను. ఉల్లిని నలపకుండా పైన చల్లితే అది పులుసులో తేలుతుందే తప్ప పులుసుతో కలవదు. చివరకు ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకులతో పోపు పెట్టాను. అత్తమ్మ గరిటెతో ఎత్తి చూసి, “పల్చగుండాలె బిడ్డా, అన్నంల పోస్తే కిందికి జారాలె” అంటూ ఇంకో అరగ్లాసు నీళ్లు కలిపారు.

పక్కింటి మరాఠీ కాకూకు ఒక గిన్నె పంపాను. చింతపండుతో ఆమె చేసేది ‘సార్’ అనే మరాఠీ చారు. బెల్లం వేసి మరగనిచ్చి, వేడివేడిగా తాగుతారు. పచ్చిగా ఎలా తింటారని మొదట్లో అనుమానించినవారే, ఇప్పుడు ఎండలు ముదిరితే ఖాళీ గిన్నె తామే పంపిస్తున్నారు.

ఈ పులుసు ఒంటరిగా రాణించదు. ఉప్పు తప్ప మరేమీ పడని ముద్దపప్పును నేతితో అన్నంలో కలిపి, మధ్యలో గుంట చేసి పులుసు పోసుకుంటేనే దాని పదును తెలుస్తుంది. పప్పు ఉడికేటప్పుడు పులుపు పడితే మెత్తబడదు కనుక, రెండింటినీ విడివిడిగా చేసి కంచంలో కలుపుకోవడమే మేలు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు జరిగిన 12 రోజులూ ఇల్లు బంధువులతో నిండి ఉన్నప్పుడు మమ్మల్ని గట్టెక్కించింది కిచిడీ, పచ్చిపులుసులే. చెప్పకుండా మరో కుటుంబం దిగినా పులుసుకు లోటు రాలేదు, అయితే కిచిడీ మాత్రం మళ్లీ ఎక్కించవలసి వచ్చేది.

పచ్చిపులుసు ఆ పూటకే బాగుంటుంది. సాయంత్రానికి ఉల్లి వాసన మారి, కొత్తిమీర వడలిపోతుంది. అందుకే మిగిలిన గ్లాసెడు పులుసును మా ఆయన అక్కడే నిలబడి తాగేశారు. ఈసారి నువ్వులు వేయించి పొడి వేద్దామని అన్నాను. వేస్తే చిక్కబడుతుందని అత్తమ్మ అప్పుడే అభ్యంతరం చెప్పారు.