క్రూజ్ బోర్డింగ్ స్లాట్ దాటిపోతే: ముందు ఏ టైము దాటిందో చూసుకోండి

అమలాపురం నుంచి పదిహేను మంది బంధువులు రైల్లో చెన్నై చేరి, అక్కడ రెండు కార్లు మాట్లాడుకుని పోర్టుకి బయలుదేరారనుకోండి. టికెట్ మీద మధ్యాహ్నం 12:30 అని ఉంది. ఒంటిగంటకి ఇంకా ట్రాఫిక్‌లోనే ఉన్నారు. ఒక కారులో పెద్దమ్మగారు "అయిపోయింది, డబ్బంతా గోదాట్లో పోసినట్టే" అని తల పట్టుకుంటారు. రెండో కారులో బావగారు "టికెట్ చేతిలో ఉండగా ఎక్కించుకోక ఏం చేస్తారు, ముందు భోంచేద్దాం" అంటారు. ఇద్దరి లెక్కా తప్పే. క్రూజ్‌కి ఉండేది ఒక టైము కాదు, మూడు. ఏది దాటిందో తెలియకపోతే అనవసరంగా ఏడవడమో, అవసరమైనప్పుడు పరుగెత్తకపోవడమో జరుగుతుంది.

మొదటిది స్లాట్. మీరు టెర్మినల్ దగ్గరికి ఎప్పుడు రావాలో చెప్పే అరగంట అది. రెండోది చెక్-ఇన్, అంటే కౌంటరులో కాగితాలు చూపించి పేరు నమోదు చేయించుకోవడం, మూసేసే టైము. మూడోది షిప్పు కదిలే టైము. టికెట్ మీద మొదటిదీ మూడోదీ పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. అసలు చూసుకోవాల్సిన రెండోది మాత్రం షరతుల్లో ఎక్కడో ఉంటుంది. చాలా కంపెనీల్లో ఇది షిప్పు కదలడానికి గంట నుంచి గంటన్నర ముందు, కొన్నిట్లో రెండు గంటల ముందు. బుక్ చేసిన రోజే ఆ ముక్క వెతికి ఇంట్లో అందరి ఫోన్లకీ పంపేయండి.

పై ఉదాహరణలోనే, షిప్పు 5 గంటలకి కదులుతుంది, చెక్-ఇన్ 3:30కి మూస్తారనుకుందాం. 12:30 స్లాట్ ఉన్నవాళ్లు 1:30కి వెళితే ఏమీ కాదు. ఆ టైముకి ఏ స్లాట్ వాళ్లు లోపలికి వెళుతున్నారో వాళ్ల వెనక నిలబెడతారు, అంతే. 2:45కి వెళ్లినా ఎక్కిస్తారు. నిజానికి ఆఖరి గంటలో చాలా టెర్మినళ్లలో క్యూ పలచబడిపోతుంది. 3:40కి వెళితే మాత్రం షిప్పు కళ్లెదుటే ఉంటుంది, గ్యాంగ్‌వే (షిప్పులోకి ఎక్కే వంతెన) కూడా వేసే ఉంటుంది, అయినా ఎక్కనివ్వరు. బతిమాలినా లాభం ఉండదు, ఎందుకంటే అప్పటికి ప్రయాణికుల జాబితా మూసేసి ఉంటారు.

మనకి ఇది మింగుడుపడదు. గోదావరి మీద ముక్తేశ్వరం రేవులో ఒక పంటు (జనాన్ని దాటించే పడవ) తప్పితే ఇంకో పంటు ఉంటుంది. పాపికొండల లాంచీ అయితే "అత్తయ్యవాళ్లు పురుషోత్తపట్నం దాటారండి, ఒక్క ఐదు నిమిషాలు" అని ఫోన్ చేసుకునే అలవాటు ఉండేది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగాక అక్కడా కంట్రోల్ రూములు వచ్చాయి, తనిఖీ అయ్యాకే లాంచీ కదలాలి. క్రూజ్‌లో ఆ కట్టడి ఇంకా గట్టిది. ఎవరెవరు షిప్పులో ఉన్నారో పేరు, పాస్‌పోర్టు నంబరుతో సహా ఇమిగ్రేషన్ వాళ్లకి ముందే ఇవ్వాలి. అమెరికా రేవుల నుంచి విదేశాలకి వెళ్లే షిప్పులైతే కదలడానికి కనీసం 60 నిమిషాల ముందు ఈ జాబితా పంపాలని అక్కడి చట్టమే ఉంది. షిప్పుకి దారి చూపే పోర్టు పైలట్ ఎక్కే టైము, షిప్పుని లాగే టగ్గు పడవలు వచ్చే టైము, షిప్పు ఆగిన ఆ బెర్తు ఖాళీ చేయాల్సిన టైము అన్నీ ముందే ఖరారై ఉంటాయి. కొన్ని రేవుల్లో పోటు మీద ఉండగానే షిప్పు బయటపడాలి. పాటు మొదలై నీళ్లు వెనక్కి తీస్తే ఎవరి కోసమూ ఆగవన్నది నరసాపురం, అంతర్వేది వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి స్లాట్ ఎందుకు పెడతారు? షిప్పు ఆ ఉదయమే వేరే ప్రయాణికులతో వచ్చి ఉంటుంది. తొమ్మిది పది గంటల దాకా వాళ్లు దిగుతూనే ఉంటారు, ఆ తర్వాత గదులు శుభ్రం చేయాలి, సరుకు ఎక్కించాలి. రెండు మూడు వేల మంది కొత్తవాళ్లు ఒక్కసారిగా పన్నెండింటికి వచ్చిపడితే స్కానర్లు, కౌంటర్లు, ఇమిగ్రేషన్ ఏవీ తట్టుకోలేవు. అందుకే అరగంటకి ఇంతమంది అని పంచుతారు. పెళ్లిలో పంక్తులు లేచినట్టు అనుకోండి. రెండో పంక్తిలో కూర్చోవాల్సినవాళ్లు మూడో పంక్తికి వచ్చినా విస్తరి వేస్తారు. మొదటి పంక్తికే వచ్చి తోసుకుంటే మాత్రం ఆపుతారు. చాలా టెర్మినళ్లలో స్లాట్ కంటే ముందు వచ్చినవాళ్లనే బయట నిలబెడతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకుని రెండు గంటలు ముందు వెళ్లి ఎండలో నిలబెట్టడం కంటే స్లాట్‌లో ఆఖరి ఐదు నిమిషాలకి చేరడం నయం. వీల్‌చైర్ కావాలంటే బుకింగ్ అప్పుడే రాయించండి, గేటు దగ్గర అడిగితే దొరికేదాకా కూర్చోవాలి.

ఆన్‌లైన్ చెక్-ఇన్ ముందుగా చేసినవాళ్లకే మంచి స్లాట్లు వస్తాయి. ఫోటో, పాస్‌పోర్టు, కార్డు వివరాలు అన్నీ ఎక్కించి పూర్తి చేస్తేనే స్లాట్ దొరుకుతుంది. కొన్ని కంపెనీలు దీన్ని కూడా షిప్పు కదలడానికి రెండు మూడు రోజుల ముందే మూసేస్తాయి. చేయకుండా వెళ్లినవాళ్లని మామూలుగా ఆఖరున పిలుస్తారు.

ఆలస్యం సగం సార్లు రోడ్డు మీద కాదు, పోర్టు గేటుకీ కౌంటరుకీ మధ్య అవుతుంది. సింగపూర్‌లో క్రూజ్ టెర్మినళ్లు రెండు. ఒకటి మెరీనా బే క్రూజ్ సెంటర్, రెండోది హార్బర్‌ఫ్రంట్ దగ్గరున్న సింగపూర్ క్రూజ్ సెంటర్. ట్యాక్సీ అతనికి "క్రూజ్ సెంటర్" అని మాత్రం చెబితే రెండిట్లో దేనికైనా తీసుకెళ్లవచ్చు, అతని తప్పు కాదు. దుబాయ్‌లోనూ పోర్ట్ రషీద్ వేరు, దుబాయ్ హార్బర్ వేరు. మయామీలో అన్నీ ఒకే పోర్టులో ఉన్నా టెర్మినళ్లు చాలా, వాటికి అక్షరాల గుర్తులు. షిప్పు పేరూ టెర్మినల్ పేరూ కాగితం మీద రాసి డ్రైవరుకి చూపించండి. మన దేశపు పోర్టుల్లో గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ (కేంద్ర భద్రతా దళం) వాళ్లు బోర్డింగ్ పాసు, గుర్తింపు కార్డు చూడకుండా వదలరు.

ఇక్కడే ఇంకో చిక్కు. మన ఇళ్లలో "పాస్‌పోర్టులన్నీ బాబాయి సంచిలో భద్రంగా ఉన్నాయి" అనడం అలవాటు. బాబాయి ఉన్న కారు వెనకబడితే ముందు వచ్చిన ఎనిమిది మందీ గేటు బయటే ఆగిపోతారు. ఎవరి పాస్‌పోర్టు, ఎవరి బోర్డింగ్ పాసు వాళ్ల దగ్గరే ఉండాలి. ముందు చేరినవాళ్లు చెక్-ఇన్ చేసుకుని లోపలికి వెళ్లిపోవాలి. ఒకే క్యాబిన్‌లో ఇద్దరిలో ఒకరు ముందు ఎక్కినా నష్టం లేదు. అందరూ కలిసే ఎక్కుదామని బయట ఆగితే అందరికీ తప్పుతుంది.

గడియారం సంగతి కూడా. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఫోను తనంతట తాను మారుతుంది, తాతగారి చేతి గడియారం మారదు. హోటల్లో ఆయన గడియారం పది చూపిస్తుంటే అక్కడ పన్నెండున్నర అయిపోయింది. దిగగానే ఆ ముల్లు తిప్పించండి.

స్కానర్ దగ్గర మనవాళ్ల సంచులు ఎక్కువసేపు ఆగడానికి కారణం వంటిల్లు. ఎలక్ట్రిక్ కెటిల్, చిన్న రైస్ కుక్కర్, ఇస్త్రీ పెట్టె, సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు, మామిడికాయ తరిగే కత్తి. నిప్పు భయం వల్ల వేడిచేసే సామాన్లని షిప్పుల్లోకి రానివ్వరు. ఇంట్లో చేసిన తిండిని చాలా కంపెనీలు ఒప్పుకోవు, సీలు వేసిన ప్యాకెట్లయితే ఒప్పుకుంటాయి. ఆవకాయ సీసాకి గుడ్డ చుట్టి, దాని మీద పాలిథిన్ సంచి, దాని మీద రబ్బరు బ్యాండ్లు వేసి చీరల మధ్య దోపితే, స్కానర్‌లో అది గుర్తుపట్టలేని ముద్దలా కనిపిస్తుంది. పెట్టె విప్పమంటారు, చీరలన్నీ బల్ల మీదికొస్తాయి, పదిహేను నిమిషాలు అక్కడే పోతాయి. ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్లాలనుకుంటే దుకాణం సీలుతో ఉన్న పెట్టె కొనండి, విడిగా కట్టించినవి వద్దు.

గోదావరి డెల్టా నుంచి బయలుదేరేవాళ్లు లెక్క వెనక నుంచి కట్టాలి, అదీ స్లాట్ నుంచి కాదు, చెక్-ఇన్ మూసే టైము నుంచి. రాజమండ్రి నుంచి చెన్నై రైల్లో 580 కిలోమీటర్లు. ముందు రాత్రి ఎక్కి తెల్లవారి దిగే రైలైతే మూడు గంటలు లేటైనా తట్టుకుంటుంది. పొద్దున్న ఎక్కి మధ్యాహ్నం దిగుదామంటే తట్టుకోదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే ఆ రాత్రి రైలు కూడా చాలదు, ఒక రోజు ముందే చేరాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి చెన్నై నీట మునిగి రైళ్లు రద్దయ్యాయి. లంకల్లో, కోనసీమ లోపలి ఊళ్లలో ఉన్నవాళ్లకి జులై నుంచి సెప్టెంబరు దాకా ఇంకో లెక్క. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది. ఆ కబురు వినగానే ప్రయాణం రెండు రోజులుందన్నా సరే పెట్టెలు సర్దుకుని రాజమండ్రిలో చుట్టాలింటికి వచ్చేయండి. కాజ్‌వే (ఏటి మీది లోతట్టు రోడ్డు) మునిగాక, పంటు ఆపేశాక కారు ఎంత మంచిదైనా ఊళ్లోనే ఉంటుంది.

విశాఖ నుంచి సింగపూర్ వెళ్లి షిప్పు ఎక్కేవాళ్లు అమలాపురం నుంచి విమానాశ్రయానికి ఐదు గంటలు వేసుకోండి. యానాం–ఎదుర్లంక వారధి మీదుగా వెళ్లినా రావులపాలెం మీదుగా వెళ్లినా అంతకు తగ్గించకండి. విమానం దిగిన రోజే షిప్పు ఎక్కే ప్లాన్ చౌకగా కనిపిస్తుంది కానీ ఆ విమానం రద్దయితే అదే రోజు ఇంకోటి దొరుకుతుందన్న నమ్మకం లేదు. ఒక రాత్రి హోటల్ ఖర్చు పెట్టడమే మంచిది, దీంట్లో నాకు రెండో మాట లేదు. రాజమండ్రి నుంచి విమానంలో వెళ్లేవాళ్లు డిసెంబరు, జనవరి పొగమంచుని గుర్తుపెట్టుకోండి. ఉదయం విమానాలు ఆ మంచు వీడేదాకా ఆగుతాయి.

ఇంత చేసినా దారిలో చిక్కుకున్నారనుకోండి. స్లాట్ దాటుతుందే కానీ చెక్-ఇన్ మూయడానికి గంట కంటే ముందే చేరతామని తెలిస్తే ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. మూసేముందు ఆఖరి గంటలో చేరేలా ఉంటే మాత్రం అప్పుడే ఫోన్ చేయాలి. ఎవరికి? టికెట్ అమ్మిన ఏజెంటుకి కాదు. టికెట్ మీద ఎమర్జెన్సీ నంబరో, పోర్టు ఏజెంటు నంబరో ఉంటుంది, దానికి. బుకింగ్ నంబరు, ఎంతమంది, ఎక్కడున్నారు, ఎన్నింటికి చేరతారు. ఈ నాలుగే చెప్పండి. షిప్పు ఆపుతారని కాదు, మిమ్మల్ని రానివాళ్ల లెక్కలో వేయకుండా కౌంటరులో ఒక మనిషిని ఉంచే వీలుంటుందని. క్రూజ్ కంపెనీ ద్వారానే విమానం కూడా బుక్ చేసుకున్నవాళ్ల ఆలస్యం వాళ్లకి ముందే తెలుస్తుంది. ఆఖరి గంటలో చేరితే పెద్ద పెట్టెలు తీసుకునే కూలీలు వెళ్లిపోయి ఉండొచ్చు. అప్పుడు మీరే మోసుకుని గ్యాంగ్‌వే ఎక్కాలి, కాబట్టి పెద్దవాళ్ల పెట్టెలు ఎవరు పట్టుకోవాలో కారులోనే పంచుకోండి.

షిప్పు వెళ్లిపోతే తర్వాతి రేవులో ఎక్కుదామని ఎవరో ఒకరు అంటారు. ఒక్కోసారి కుదురుతుంది, కానీ కంపెనీ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా విమానం టికెట్లు కొనకండి. మీరు రాలేదని బుకింగ్ మొత్తం రద్దు చేసి ఉండవచ్చు. ఆ దేశంలోకి విమానంలో దిగడానికి వేరే వీసా కావాల్సి రావచ్చు. షిప్పు ప్రయాణికులకిచ్చే వీసా సడలింపు విమానంలో వెళ్లేవాళ్లకి వర్తించకపోవచ్చు. అమెరికాలో అయితే 1886 నాటి ఒక చట్టం ప్రకారం విదేశీ జెండా షిప్పు ఒక అమెరికా రేవులో ఎక్కించుకుని ఇంకో అమెరికా రేవులో దించడానికి చాలా ఆంక్షలున్నాయి. మయామీలో షిప్పు తప్పిపోయి, ఇంకో అమెరికా రేవు కీ వెస్ట్‌లో ఎక్కి, తిరిగి మయామీలో దిగుతానంటే ఆ కారణంతోనే ఒప్పుకోకపోవచ్చు.

ఇన్సూరెన్స్ ఉంటే అందులో బయలుదేరే టైము తప్పిపోవడం గురించి రాసి ఉందో లేదో కొనేటప్పుడే చూడాలి. ఉన్నా ఊరికే డబ్బు రాదు. విమానం లేటైనట్టు ఆ విమాన సంస్థ ఇచ్చిన కాగితం, రైలైతే ఎంత ఆలస్యంగా నడిచిందో చూపే స్క్రీన్‌షాట్ అడుగుతారు. అది ఆ రోజే తీసి పెట్టుకోండి.

ఆఖరి నిమిషంలో ఎక్కినవాళ్లు నేరుగా బఫే వైపు వెళ్లకండి. భద్రతా డ్రిల్ షిప్పు కదలకముందో, కదిలిన వెంటనేనో పూర్తి కావాలి. 2012లో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ షిప్పు ప్రమాదం తర్వాత 2015 నుంచి ఈ నిబంధన గట్టిపడింది. షిప్పు కార్డు మీద ఒక అక్షరమో అంకో ఉంటుంది, ఆ గుర్తున్న డ్రిల్ స్టేషన్‌కి వెళ్లి హాజరు వేయించుకున్నాకే మిగతా పనులు. కూలీలకిచ్చిన పెట్టెలు క్యాబిన్ గుమ్మం దగ్గరికి రాత్రి భోజనాల వేళకి గానీ రావు. బీపీ, షుగర్ మాత్రలు, ఇన్సులిన్, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉంచుకోండి.