ఒకే పదాన్ని రెండుసార్లు కూడితే

పదో తరగతిలో సమితుల పాఠం మొదలుపెట్టిన రోజున మా లెక్కల మాస్టారు నల్లబల్ల మీద ఒకదాన్నొకటి కొంతమేర కప్పుకొనే రెండు వృత్తాలు గీసి, మా తరగతినే ఉదాహరణగా తీసుకున్నారు. చదరంగం ఆడేవాళ్ళు 25 మంది, పరుగుపందెంలో పాల్గొనేవాళ్ళు 20 మంది, ఏదీ ఆడనివాళ్ళు ఒక్కరూ లేరు అనుకోమన్నారు. కూడితే 45 వచ్చింది, కానీ తరగతిలో ఉన్నది 40 మందే. మిగిలిన 5 మంది ఎక్కడి నుంచి వచ్చారని ఆయన అడిగితే ఎవరికీ వెంటనే తోచలేదు. రెండు ఆటలూ ఆడేవాళ్ళను రెండుసార్లు లెక్కపెట్టామని, ఆ సంఖ్యను, అంటే ఉమ్మడి పదాన్ని, ఒకసారి తీసివేయాలని చెప్పి, వృత్తాలు కలిసిన భాగాన్ని సుద్దతో నింపారు. ఆ వారం జరిగిన పరీక్షలో నేను అదే తప్పు చేశాను. జవాబు పక్కన ఎర్ర సిరాతో సున్న చుట్టి, "ఉమ్మడి పదం తీసివేయలేదు" అని రాశారు.

మన బడి పూర్వ విద్యార్థుల ఈ సంచికకు వ్యాసం పంపమన్నప్పుడు పాఠశాల వార్షికోత్సవాల గురించో, స్నేహితుల గురించో రాద్దామనుకున్నాను. అవి నాకంటే బాగా రాయగలవాళ్ళు మన బ్యాచ్‌లో ఉన్నారు. పదమూడేళ్ళ తర్వాత, రెండు ఆఫర్ లెటర్లు ముందు పెట్టుకొని నిద్రపట్టని రోజుల్లో ఆ ఎర్ర సిరా మాట నాకు ఎలా తిరిగి వచ్చిందో చెప్పగలిగేది మాత్రం నేనొక్కదాన్నే కనుక అదే రాస్తున్నాను.

నేను స్ట్రక్చరల్ ఇంజనీరును. అప్పటికి ఆరేళ్ళుగా ఒకే సంస్థలో, ఇతరులు చేసిన డిజైన్లను సరిచూసే విభాగంలో పనిచేస్తున్నాను. చేతిలోని ప్రాజెక్టు ముగింపుకు రావడంతో కొత్త ఉద్యోగం వెతుక్కోక తప్పలేదు. నాలుగు రోజుల తేడాలో రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. మొదటిది పెద్ద సంస్థ. అక్కడా డిజైన్లను సరిచూడడమే పని, జీతం కొంచెం ఎక్కువ. రెండోది పన్నెండు మంది మాత్రమే ఉన్న చిన్న సంస్థ. అక్కడ పాదచారుల వంతెనలను మొదటి గీత నుంచి చివరి డ్రాయింగు వరకు నేనే డిజైన్ చేసి, లెక్కల పత్రాల మీద నా సంతకం పెట్టాలి. మొదటి సంస్థ జవాబు చెప్పడానికి వారం రోజులు గడువిచ్చింది.

ఇంజనీరింగులో చేరినప్పటి నుంచి నేను కోరుకున్నది రెండో పనినే. అయినా ఆ పని చేతికందిన క్షణం నుంచి నాలో ఒక వాదన మొదలైంది. ఆరేళ్ళలో నేను సరిచూసి పంపిన ఏ డిజైనూ తప్పని తేలలేదు. అవన్నీ సులువైనవి కాబట్టే అలా జరిగిందని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటర్వ్యూలో నా జవాబులను వాళ్ళు మెచ్చుకున్నారు; వాళ్ళు అడగవలసినవి అడగలేదని చెప్పుకున్నాను. పదో తరగతిలో లెక్కల్లో పూర్తి మార్కులు వచ్చినప్పుడు కూడా ఆ ఏడాది ప్రశ్నపత్రం తేలికగా వచ్చిందనే అనుకున్నానని అప్పుడే గుర్తొచ్చింది. గెలుపు ఎప్పుడూ ఎవరి దయో, ఏదో అదృష్టమో. ఓటమి మాత్రం ఎప్పుడూ నాదే. ఈ లెక్క ఎంతో కాలంగా నాలో నడుస్తున్నా, దాన్ని వినయమని పొరబడ్డాను.

దీనికి ఒక పేరుందని ఆ వారంలోనే తెలుసుకున్నాను. 1978లో పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, తమ తమ రంగాల్లో పేరు తెచ్చుకున్న 150 మందికి పైగా స్త్రీలతో పనిచేసిన అనుభవం ఆధారంగా 'ఇంపోస్టర్ ఫినామినన్' గురించి రాశారు. డాక్టరేట్లు పొందినా, తోటివారి గౌరవం పొందినా, తమకు నిజంగా తెలివి లేదని, ఎదుటివాళ్ళు ఏదో పొరబడి తమను తెలివైనవాళ్ళుగా భావిస్తున్నారని ఆ స్త్రీలు లోలోపల నమ్మేవారట. పురుషుల్లోనూ ఈ భావన ఉంటుందని తర్వాతి పరిశోధనలు చూపాయి. అది చదివాక ఒంటరితనం కొంత తగ్గిన మాట నిజం. కానీ పేరు తెలిసినంత మాత్రాన రెండు ఉత్తరాల్లో దేనికి సరే అనాలో తెలియలేదు. పైగా కొత్త చిక్కొకటి వచ్చిపడింది: నా సందేహాలన్నీ ఆ భావన పుట్టించినవేనా, వాటిలో నిజమైనవి కూడా ఉన్నాయా? అన్నిటినీ కొట్టిపారేయడం ఎంత తప్పో, అన్నిటినీ నమ్మడమూ అంతే తప్పు. ముఖ్యంగా నా వృత్తిలో, తప్పు చేస్తే దాని కింద మనుషులుంటారు.

సైన్సు తరగతిలో ఆక్సిజన్ పాఠంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ పేరు మనమందరం కంఠస్థం చేసిందే. 1774 ఆగస్టులో సూర్యకాంతిని భూతద్దంతో పాదరస భస్మం మీదికి మళ్ళించి ఆ వాయువును వేరుచేశాడని మాత్రమే అప్పుడు చదువుకున్నాం. దానికి రెండేళ్ళ ముందు ఆయన కూడా ఒక ఉద్యోగం విషయంలో తేల్చుకోలేక సతమతమయ్యాడని నాకు ఆ వారంలోనే తెలిసింది. ఇంగ్లండ్‌లోని లీడ్స్ పట్టణంలో మత బోధకుడిగా ఉన్న ప్రీస్ట్‌లీని షెల్బర్న్ ప్రభువు తన గ్రంథాలయం చూసుకోవడానికి రమ్మన్నాడు. వెళ్ళాలా, ఉన్నచోటే ఉండాలా అని ఆయన బెంజమిన్ ఫ్రాంక్లిన్ సలహా అడిగాడు. 1772 సెప్టెంబరు 19న రాసిన జవాబులో ఫ్రాంక్లిన్, ఏం చేయాలో తాను చెప్పలేనని, ఎలా తేల్చుకోవాలో మాత్రం చెప్పగలనని అన్నాడు. కారణాలన్నీ ఒకేసారి మనసులోకి రావు కనుకనే మనిషి ఊగిసలాడతాడని ఆయన అభిప్రాయం. అందుకని కాగితాన్ని నిలువుగీతతో రెండుగా చేసి, అనుకూలాలు ఒక వైపు, ప్రతికూలాలు మరో వైపు మూడు నాలుగు రోజులపాటు తోచినప్పుడల్లా రాసుకొని, సమాన బరువున్నవాటిని జతలుగా కొట్టేసుకుంటూ రమ్మన్నాడు. ప్రీస్ట్‌లీ ఆ ఉద్యోగంలో చేరాడు. ఆక్సిజన్‌ను వేరుచేసింది కూడా ఆ ఉద్యోగంలో ఉన్న కాలంలోనే.

నేనూ కాగితం మీద గీత గీశాను. మూడు రోజులకు రెండో ఉద్యోగం ప్రతికూలాల వైపు తొమ్మిది వాక్యాలు చేరాయి, అనుకూలాల వైపు రెండే ఉన్నాయి. కొట్టేయడానికి ఏమీ మిగల్లేదు. లెక్క స్పష్టంగానే ఉంది, కానీ దాన్ని చూసినప్పుడల్లా మనసు కుంగిపోయేది. అప్పటికి పదవీ విరమణ చేసి ఉన్న మాస్టారికి నాలుగో రోజు ఫోన్ చేశాను.

విషయమంతా విని ఆయన వెంటనే సలహా ఏమీ ఇవ్వలేదు. "నువ్వు రాసుకున్నది చదువమ్మా" అన్నారు.

చదివాను. అంత బాధ్యత మోయలేనేమో. నా సంతకం మీద అందరూ ఆధారపడతారు. చిన్న సంస్థలో పొరపాటు జరిగితే దాక్కోవడానికి చోటుండదు. ఇంకో రెండేళ్ళ అనుభవం వచ్చాక వెళ్తే మంచిది. ఈ పని కుదరకపోతే మళ్ళీ ఉద్యోగం దొరకడం కష్టం.

"ఆగు" అన్నారు మాస్టారు. "మొదటిదానికీ రెండోదానికీ తేడా ఏమిటి?"

ఆలోచించి, పెద్దగా లేదన్నాను.

"రెండోదానికీ మూడోదానికీ?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన కాసేపు ఊరుకొని, "నాకు నీ వంతెనల గురించి తెలియదమ్మా. కానీ నువ్వు ఒకే పదాన్ని అయిదుసార్లు కూడుతున్నావు. ఉమ్మడి పదం తీసేసి, ఎంత మిగిలిందో చూడు" అన్నారు. ఆ తర్వాత మా బ్యాచ్‌లో ఎవరెక్కడ ఉన్నారని అడిగి ఫోన్ పెట్టేశారు.

ఆ రాత్రి కాగితం మళ్ళీ తీశాను. తొమ్మిదిలో ఆరు వాక్యాలు వేరువేరు మాటల్లో రాసిన ఒకే భయం. నాకు చేతకాదని ముందో వెనకో బయటపడుతుందన్న భయం. ఒకసారి రాస్తే దాని బరువు ఒకటే. ఆరు వేషాల్లో రావడం వల్ల అది ఆరు కారణాల బరువు తూగింది. మొదటి ఉద్యోగానికి రాసుకున్న అనుకూలాలు కూడా చదివి చూశాను. పరిచయమున్న పని, సాఫీగా సాగిపోతుంది, తప్పు జరిగినా పైన ఎవరో ఉంటారు అని మూడు వాక్యాలు. అవీ అదే భయానికి మరో ముఖం. ఒకే పదం ఒక వైపు ఆరుసార్లు, రెండో వైపు మూడుసార్లు చేరింది. ఫ్రాంక్లిన్ పద్ధతిలో తప్పేమీ లేదు, నేను రాసిన పద్దులే తప్పు.

ఇది నా వృత్తిలో రోజూ ఎదురయ్యే విషయమే కావడం నన్ను ఎక్కువగా కలచివేసింది. మేం ఏ కట్టడాన్నీ సందేహం లేకుండా డిజైన్ చేయం. కాంక్రీటు అనుకున్నంత బలంగా రాకపోవచ్చు, ఉక్కులో తేడా ఉండవచ్చు, బరువు ఊహించినదానికంటే ఎక్కువ పడవచ్చు. అందుకే చాలా దేశాల ప్రమాణాల్లో కాంక్రీటు బలాన్ని 1.5తోనూ, ఉక్కు బలాన్ని 1.15తోనూ భాగించి లెక్కిస్తారు. పడే బరువును విడిగా పెంచుతారు. సందేహానికి అక్కడ ఒక స్థానం, ఒక కొలత ఉన్నాయి. దాన్ని ఒక్కసారే వేస్తాం. భయపడి ప్రతి దశలోనూ మళ్ళీ మళ్ళీ వేసుకుంటూ పోతే దూలం లావెక్కుతుంది, దాని స్వభారం పెరుగుతుంది, ఆ భారం మోయడానికి స్తంభాలూ పునాదులూ పెరుగుతాయి. చివరికి ఆ వంతెన బలంలో ఎక్కువ భాగం తనను తాను మోసుకోవడానికే సరిపోతుంది. ఇతరుల డిజైన్లలో ఇలాంటి చోట్ల అభ్యంతరం రాసిపంపిన నేను, నా విషయంలో ఆరేళ్ళుగా చేస్తున్నది ఇదే.

ఉమ్మడి పదం ఒక్కసారే ఉంచి చూస్తే ప్రతికూలాల్లో నాలుగు మిగిలాయి: ఆ భయం, తక్కువ జీతం, ఎక్కువ ప్రయాణం, నిజంగా నాకు తెలియని ఒక విషయం. పాదచారుల వంతెనలు సన్నగా, తేలికగా ఉంటాయి కనుక నడిచేవాళ్ళ అడుగుల లయకు అవి ఊగే ప్రమాదం ఉంది. లండన్‌లోని మిలీనియం వంతెన 2000 జూన్ 10న తెరుచుకొని, జనం నడుస్తుంటే పక్కలకు ఊగిపోవడంతో రెండు రోజులకే మూతపడింది. ఊపును తగ్గించే డ్యాంపర్లనే పరికరాలు అమర్చిన తర్వాత 2002 ఫిబ్రవరిలో గానీ మళ్ళీ తెరవలేదు. ఆ లెక్కలు నేను పుస్తకంలో చదివానే తప్ప ఎన్నడూ చేయలేదు. ఈ సందేహాన్ని ఏ మనస్తత్వ శాస్త్రమూ కొట్టివేయలేదు, కొట్టివేయకూడదు కూడా.

అయితే ఆ భయానికి లేని సుగుణం ఒకటి ఈ సందేహానికి ఉంది. దీన్ని ప్రశ్నగా మార్చి ఎదుటివాళ్ళను అడగవచ్చు. "నేను పనికొస్తానా?" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. మర్నాడు రెండో సంస్థకు ఫోన్ చేసి, కంపనాల లెక్కలు నేను ఇంతవరకు చేయలేదని, అవి తెలిసినవారు అక్కడ ఉన్నారా అని, నా లెక్కలను సంబంధం లేని మరో ఇంజనీరు సరిచూస్తారా అని అడిగాను. ఈ మాటతో ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమోనని అడుగుతున్నప్పుడు గొంతు వణికింది. ఆ పని చేసిన సీనియర్ ఒకరు ఉన్నారని, మొదటి రెండు వంతెనలకు ఆయనతో కలిసి పనిచేయాలని, ప్రతి డిజైన్‌నూ బయటి ఇంజనీరు విడిగా సరిచూశాకే డ్రాయింగులు బయటికి వెళ్తాయని చెప్పారు. ఇవన్నీ ఆఫర్ లెటర్‌లో చేర్చమని కోరితే చేర్చారు. మొదటి సంస్థను మరో మూడు రోజులు గడువు అడిగితే వాళ్ళూ ఇచ్చారు. గడువు అడగడమే నా అసమర్థతకు రుజువని అంతవరకు అనుకున్నాను.

సరిచూసే పని తక్కువదని చెబుతున్నానని ఎవరూ అనుకోకూడదు. ఎందరో ప్రాణాలు ఆ పని మీద ఆధారపడి ఉన్నాయి, దాన్ని ప్రేమించి చేసేవాళ్ళు నాకు తెలుసు. నాకు ఆ ప్రేమే ఉంటే మొదటి ఉద్యోగాన్నే ఎంచుకోవలసింది. దాక్కోవడానికి మాత్రం దాన్ని ఎంచుకోకూడదనిపించింది.

రెండో సంస్థలో చేరాను. అది సరైన నిర్ణయమని ఇప్పుడు ఎవరైనా అంటే నేను కొంచెం ఆగుతాను. రెండు వస్తువుల్లో ఒకటి ఎంచుకున్నాక మనిషికి ఎంచుకున్నది మరింత మంచిగా, వదిలేసింది మరింత తక్కువగా కనిపిస్తుందని 1956లో జాక్ బ్రెహ్మ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం చూపింది. నా జ్ఞాపకం కూడా ఎంచుకున్నదాని వైపే మొగ్గుతుంది. వదిలేసిన ఉద్యోగంలో నా రోజులు ఎలా గడిచేవో నాకు తెలిసే దారి లేదు.

మొదటి వంతెన లెక్కలు బయటి ఇంజనీరు దగ్గర నుంచి తిరిగివచ్చిన రోజు మాత్రం బాగా గుర్తుంది. పదిహేడో పేజీలో ఎర్ర సిరాతో ఒక సున్న ఉంది. గాలి వల్ల పడే బరువును ఒక చోట తక్కువగా తీసుకున్నాను. చేతకాదని తేలిపోయిందన్న పాత మాట మనసులో ఎక్కడో లేచిందో లేదో గుర్తులేదు. ఆ సున్నను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. తర్వాత కొత్త కాగితం తీసి, పైన తేదీ వేసి, ఆ పేజీ లెక్క మొదటి నుంచి మళ్ళీ చేశాను.