వాడిన కట్ట వేరు, కుళ్లిన కట్ట వేరు

మే నెల, అనంతపురం. తెల్లారకముందే కోసిన తోటకూర పది గంటలకల్లా తల వాల్చేసింది. మెంతికూర, కొత్తిమీర ఆ వెనకే. గోంగూర ఒక్కటే కాస్త ఓర్చుకుంది.

ఎండ ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు. కోసిన ఆకు కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది, దాంతో వేడి పుడుతుంది. బిగించి కట్టిన కట్ట నడుమ వేలు పెడితే వెచ్చగా తగులుతుంది. వాడిపోకూడదని దానిమీద చెంబులతో నీళ్లు కుమ్మరిస్తారు. పైన పడ్డవి ఆరిపోతాయి, నడుమ చేరినవి నిలుస్తాయి. తాడు ఒరుసుకుని నలిగిన కాడ దగ్గరే మొదట జిగురు పడుతుంది. తడపాల్సింది ఆకును కాదు, పైన కప్పే గోనెను. కట్టలు వదులుగా కట్టి, గంపలో నిలువుగా పెట్టాలి. పక్కన మామిడిపళ్లు, టమోటాలు ఉంటే ఇంకో తంటా: పండే కాయల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు ఆకు తొందరగా పండుబారుతుంది.

మధ్యాహ్నం ఏరే పని. ఉత్తగా వాడిన కట్టైతే కాడల చివర అర అంగుళం కోసి, అరగంట కుండనీళ్లలో నిలబెడితే మళ్లీ లేస్తుంది. పచ్చగా ఉన్నది పప్పులోకి, లేత కాడలు పులుసులోకి. జిగురుపట్టి వాసన వేసేది ఎన్ని నీళ్లలో కడిగినా తినడానికి పనికిరాదు. ఈ రెంటినీ ఒకే కుప్పలో పడేస్తే సాయంత్రానికి రెండూ ఒకటే అవుతాయి. అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే.

వాడినది మేకలకు, ఎనుములకు వేయొచ్చు, కానీ ఖాళీ కడుపున గంపెడు వేస్తే కడుపుబ్బరం వస్తుంది. ముందు ఎండుమేత, తర్వాత కొంచెం కొంచెంగా ఇది. కుప్పలో వేడెక్కిన తోటకూర, పాలకూర అసలు వేయొద్దు. వాటిలోని నైట్రేటు నైట్రైటుగా మారి పశువుకు విషమవుతుంది. రబ్బరుబ్యాండ్లు, ప్లాస్టిక్ దారాలు ముందే తీసేయాలి.

మిగిలిందంతా ఎరువుకు. ఆకుకూరలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే. ఒట్టి ఆకే గుంతలో నింపితే అణిగిపోయి, గాలి ఆడక మురుగు కంపు కొడుతుంది. "గుంత వేస్తే వాసన" అనే మాట పుట్టింది అందుకే. బక్కెట్ పచ్చిదానికి రెండు బక్కెట్ల ఎండుది కలపాలి. మన దగ్గర శెనక్కాయ పొట్టుకు కరువా? కాకపోతే అది మొండిది, ఒక రాత్రి నానబెట్టి వేయాలి. వేపాకు ఎండుదైనా సరే. పది లీటర్ల నీళ్లలో కిలో పచ్చిపేడ కలిపి పొరపొరకూ చల్లాలి. కుప్ప మూడడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటేనే లోపల వేడి నిలుస్తుంది.

తడి చూడ్డానికి గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారకడితే ఇంకా పొట్టు వేయాలి. పొడిపొడిగా రాలితే నీళ్లు చల్లాలి, ఈ ఎండలకు జరిగేది ఎక్కువగా ఇదే. పైన తడిగోనె తప్పదు. ముక్కుకు ఘాటు తగిలితే పచ్చిది ఎక్కువైందని లెక్క. వారానికోసారి తిరగేస్తే రెండు నెలలకు నల్లగా, మట్టివాసనతో దిగుతుంది. జల్లెడ పట్టినప్పుడు పైన మిగిలే పొట్టును తర్వాతి కుప్పకు అడుగుపొరగా వేసుకోవచ్చు.